హొసూరు నుండి నామక్కల్లు దాకా ఒక టకటక

హొసూరు నుండి నామక్కల్లుకు పోయే దారి మన పాఠకులలో పలువురికి కొత్తది కాదు. పెండ్లి సంబంధాలకనీ, మొక్కుబడులకనీ, సరుకుల బేరాలకనీ కృష్ణగిరి, ధర్మపురి, సేలము మీదుగా సాగే ఈ రహదారిని ఏదో ఒకనాడు తొక్కనివారు అరుదు. దూరము 200 కిలోమీటర్లకు కొంచెము పైన. ఒకప్పుడు దీనిని 7వ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు ఇది శ్రీనగరు నుండి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు దారిలో భాగమైనది. దారి పొడుగునా కొండలు, చెరువులు, మామిడితోటలు కంటికి విందు చేస్తాయి. అయితే మొన్న మార్గశిరములో మేము చేసిన ప్రయాణములో కంటికన్న చెవికి పని ఎక్కువ పడినది. ఆ ముచ్చట మన కుటుంబాలలో బండి నడుపుకొని బ్రతికేవారికి పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మా మేనత్తగారి కుమారుడు, నాకు బావ, హొసూరు ప్రాంతమున టమాటాలు రవాణా చేస్తాడు. ఆయనకున్నది ఒక్కటే డీజిల్ పికప్ బండి. వయస్సు ఎనిమిదేండ్లు. అప్పు తీరి ఏడాది కూడా కాలేదు. రెండు నెలలుగా దాని ఇంజనులో టకటకమని ఒక శబ్దము పట్టుకొన్నది. దగ్గరలోని ఒక షెడ్డులో చూపిస్తే, "బేరింగు పోయింది. ఇంజను దింపాల్సిందే. లక్షకు తక్కువ కాదు" అన్నారు. ఆ రాత్రి ఆయన ఇల్లాలు మారుమాట లేకుండా గాజులు తీసి బల్లమీద పెట్టినది. బావ వాటిని ముట్టుకోలేదు. నామక్కల్లులో తనకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రికి ఫోను చేసినాడు.

ఆ మేస్త్రిగారిది కూడా ఇంట తెలుగు మాట్లాడే కుటుంబమే. ఆయన రెండే ప్రశ్నలు వేసినారు. "శబ్దం ఎట్లా ఉంది నాయనా? ఎప్పుడొస్తోంది?" మొదటిదానికి బావ జవాబు చెప్పగలిగినాడు. రెండవదానికి తడబడినాడు. "సరే, బండి తోలుకొని రా. దారి పొడుగునా విని రాసుకొని రా. బయలుదేరే ముందు ఇంజను నూనె కొలిచి చూడు. దారిలో నూనె దీపం ఎర్రగా వెలిగినా, శబ్దం బరువెక్కి దబదబమన్నా అక్కడే ఇంజను ఆపేయి. ఇంకొక్క అడుగు కూడా తోలొద్దు. కట్టి లాక్కొని రా" అన్నారు. తోలే పని బావది, వ్రాసే పని నాది అనుకొన్నాము. టమాటా పెట్టెలు సేలములో దింపి అక్కడినుండి ఖాళీగా నామక్కల్లు చేరుట మా ఏర్పాటు.

హొసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. రాజాజీ 1878లో జన్మించిన తొరపల్లి దీనికి దగ్గరలోనే. నేడు ఈ ఊరు కర్మాగారాలకు, గులాబీ తోటలకు పేరుపొందినది. ఆ తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు చలి గజగజలాడిస్తున్నది. బావ నూనె కడ్డీ తీసి చూచినాడు. నూనె గీతల మధ్యనే ఉన్నది. తాళము తిప్పగానే నూనె దీపము వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోయినది. ఆ రెండూ చూచిన తరువాతనే మాకు ధైర్యము వచ్చినది.

ఇంజను మేలుకొనగానే టకటక మొదలైనది. సన్నని సుత్తితో రేకుమీద కొట్టినట్లున్నది. ఇక్కడ ఒక మాట చెప్పవలెను. డీజిల్ ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొంత కటకటలాడుట దాని సహజగుణము. పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ పెట్టేవాడు అందులో లేడు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడిలోనికి డీజిలును చిమ్ముతారు. చిమ్మిన డీజిలు అంటుకొనుటకు లిప్తకాలము ఆలస్యమవుతుంది. ఆలోగా పోగుపడినదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. చలిలో ఆ ఆలస్యము ఎక్కువ, కనుక మోత కూడా ఎక్కువ. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో తన యంత్రమును నడిపి చూపిననాటి నుండి దీని స్వభావమింతే. కాబట్టి "నా బండి మోత పెడుతున్నది" అంటే చాలదు. నిన్నటి మోతకు నేటి మోతకు తేడా ఏమిటన్నదే ప్రశ్న. మా బండిలో ఆ నిత్యపు కటకటమీద వేరుగా ఒక టకటక వినిపిస్తున్నది. నేను పుస్తకములో మొదటి మాట వ్రాసినాను: "చల్లని ఇంజను, కదలని బండి: శబ్దము ఉన్నది."

ఈ ఒక్క మాటతోనే సగము అనుమానాలు తొలగినవి. బండి కదలకుండానే శబ్దము వస్తున్నదంటే అది చక్రాలది కాదు, వెనుకకు పోయే పొడుగు ఇరుసుది కాదు, టైర్లది కాదు. ఇంజనుదో, దానిని అంటిపెట్టుకొన్న వాటిదో కావలెను. అదే శబ్దము బండి పరుగుతోనే పుట్టి పరుగుతోనే పెరిగితే, గేరు తీసివేసి దొర్లించినా మారకుండా ఉంటే, ఇంజనును తప్పుపట్టుట అన్యాయము. బండిని ఇటూ అటూ మెల్లగా వంచి నడిపినప్పుడు గరగర పెరిగి తగ్గితే అది సాధారణముగా చక్రపు బేరింగు చేసే ఫిర్యాదు.

శూలగిరి కొండలు తెల్లవారు వెలుగులో కనబడేసరికి ఇంజను వేడెక్కినది. అక్కడ దారి పల్లముగా ఉన్నది. టకటక సన్నగిల్లినది. టీ దుకాణము ముందు ఆపి, గేరులో లేకుండా ఇంజనును కొంచెము ఉరికించి చూచినాము. శబ్దము అతికష్టముమీద వినవచ్చినది. క్లచ్చి తొక్కి చూచినాము, విడిచి చూచినాము. తేడా లేదు. తొక్కినప్పుడు మాత్రమే గరగర వస్తే క్లచ్చి బేరింగును, విడిచినప్పుడు వచ్చి తొక్కగానే పోతే గేరుబాక్సు ముందు బేరింగును అనుమానించవలెను. మాకు ఆ రెండూ తప్పినవి. మంచులో తడిసిన ఫ్యాను బెల్టు మాత్రము ఒకసారి కీచుమన్నది. టీ దుకాణమువాడే ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి, "కొంచెం చిలకరించి చూడన్నా, చెయ్యి మాత్రం దూరంగా పెట్టు" అన్నాడు. నీరు పడగానే కీచు ఆగిపోయినదంటే కప్పీలు ఒక వరుసలో లేవని గుర్తు. ఎక్కువైతే బెల్టు వదులైనదని గుర్తు. మాది ఎక్కువైనది. అది చిన్న పని, దానిని కూడా వ్రాసుకొన్నాను. చూచినారా, ఒక బండిలో రెండు శబ్దాలుంటే రెండూ కలిసి మనిషిని బెదిరిస్తాయి. విడదీస్తే ఒకదాని భయము అక్కడికక్కడే తీరిపోతుంది.

కృష్ణగిరి దాటి, కావేరిపట్టణము మీదుగా ధర్మపురి వైపు సాగినాము. కృష్ణగిరి అంటే మామిడి. వేసవిలో వచ్చినవారికి దారి పక్కన కాయల గుట్టలు, గుజ్జు తీసే కర్మాగారాలకు పోయే బండ్ల వరుసలు కనబడతాయి. మార్గశిరములో చెట్లు ఆకుపచ్చగా, మౌనముగా ఉన్నవి. ఒక మెరక ఎక్కేటప్పుడు బావ పైగేరులోనే ఉండి గట్టిగా తొక్కినాడు. వెంటనే టకటక తిరిగి వచ్చినది. కాలు తీయగానే పోయినది. మళ్లీ తొక్కితే మళ్లీ వచ్చినది. దానితోపాటు బుస్సుబుస్సుమని సన్నని ఊపిరి కూడా ఉన్నట్లు నాకు తోచినది. "బరువు లాగేటప్పుడు ఉన్నది, వేడిలో తగ్గినది, చిన్న బుస" అని వ్రాసినాను.

"బేరింగయితే?" అన్నాడు బావ.

"నూనె దీపం చూడు బావా" అన్నాను. దీపము ఆరియే ఉన్నది. శబ్దము సన్నగానే ఉన్నది.

ధర్మపురి తరువాత తొప్పూరు కనుమ వస్తుంది. సేలము వైపు పోయేవారికి అక్కడ దారి వంపులు తిరుగుతూ దిగుతుంది. ఈ కనుమలో జరిగిన ప్రమాదాల వార్తలు మన ఇళ్లలో విననివారుండరు. డీజిలు ఆదా అవుతుందని కొందరు ఇక్కడ ఇంజను ఆర్పివేసి, లేదా గేరు తీసివేసి బండిని దొర్లిస్తారు. దీనికన్న ప్రాణాంతకమైన పొదుపు మరొకటి లేదు. చిన్న గేరులో ఉన్న ఇంజను, బండిని వెనుకకు పట్టి ఆపే మంచి బ్రేకు. దానిని తీసివేస్తే భారమంతా చక్రాల బ్రేకులమీద పడి, అవి కాలి, పట్టు వదలుతాయి. పైగా పికప్‌ల వంటి బండ్లలో బ్రేకు పెడలుకు బలమిచ్చే శూన్యము ఇంజను నడిచినంతసేపే తయారవుతుంది. ఇంజను ఆర్పితే రెండు మూడు తొక్కుళ్లకు అది ఖర్చయి, పెడలు రాయి వలె బిగుసుకొంటుంది. స్టీరింగు కూడా బరువెక్కుతుంది. బావ మూడవ గేరులో, కాలు తీసి, మెల్లగా దింపినాడు.

ఈ దిగుడులో మాకొక కొత్త సంగతి తెలిసినది. ఇంజను గిరగిర తిరుగుతున్నది గాని డీజిలు అందుట లేదు. టకటక దాదాపు లేదు. అంటే ఇంజను తిరిగినంత మాత్రాన శబ్దము రాదు, లోపల మంట బలముగా ఉన్నప్పుడే వస్తుంది. నేను గీత గీసి మరీ వ్రాసుకొన్నాను.

సేలము మండీలో పెట్టెలు దింపేసరికి తొమ్మిది దాటినది. ఏర్కాడు కొండలు ఎండలో నీలముగా ఉన్నవి. అక్కడినుండి నామక్కల్లు సుమారు 55 కిలోమీటర్లు. ఖాళీ బండిలో ఆ దూరమంతా టకటక నాలుగైదుసార్లకు మించి వినరాలేదు. అదే ఇంజను, అదే వేడి. తేడా బరువు ఒక్కటే.

నామక్కల్లు లారీల ఊరు. ఎక్కడెక్కడివో ఛాసీలు ఇక్కడికి వచ్చి, కొయ్య, ఇనుము తొడుక్కొని, రంగులు పూసుకొని లారీలై పోతాయి. కోడిగుడ్లకు కూడా ఈ ఊరు పెట్టింది పేరు. మేస్త్రిగారి షెడ్డు ముందు నాలుగైదు బండ్లు నోళ్లు తెరుచుకొని ఉన్నవి. ఆయన నా పుస్తకము తీసుకొని, అద్దాలు పెట్టుకొని, ఆసాంతము చదివినారు. ఇంజనును తాకనైనా లేదు. "ఇప్పుడు వేడిగా ఉంది, ఏమీ చెప్పదు. మూడు నాలుగు గంటలు చల్లారనీ. మీరు పోయి స్వామిని చూసి రండి" అన్నారు.

ఆ విధముగా మాకు నామక్కల్లు చూచే భాగ్యము కలిగినది. ఊరి నడుమ ఒకే రాయిగా నిలిచిన కొండ, దానిమీద కోట. కొండకు ఒకవైపున నరసింహస్వామి, మరొకవైపున రంగనాథస్వామి, రెండూ రాతిని తొలిచి చేసిన ఆలయములే. ఇక్కడి అమ్మవారు నామగిరి తాయారు, గణితశాస్త్రవేత్త రామానుజన్ ఇంటివారి ఇలవేల్పు. నరసింహునికి ఎదురుగా చేతులు జోడించి, సుమారు 18 అడుగుల ఎత్తున, నెత్తిన కప్పు లేకుండా ఆంజనేయుడు నిలిచి ఉన్నాడు. ఎండకూ వానకూ ఓర్చి నిలిచిన ఆ మూర్తి ముందు లారీల డ్రైవర్లు తాళాల గుత్తులు చేతపట్టుకొని దండము పెట్టుట చూచినాము. బావ కూడా తన తాళము తీసి దోసిట పట్టుకొన్నాడు. ఏమి కోరుకొన్నాడో నేను అడుగలేదు.

మూడు గంటలకు తిరిగి వచ్చేసరికి షెడ్డులోనికి మరొక పికప్‌ను తాడు కట్టి లాక్కొని వచ్చినారు. మేస్త్రిగారు దానిని ఒక్క రెండు క్షణములు మాత్రము నడిపించి ఆపివేసినారు. దబదబమని లోతునుండి రోకలిపోటు వంటి శబ్దము. "విన్నారా? ఇది రాడ్డు బేరింగు. నూనె దీపం వెలిగాక కూడా, ఇల్లు దగ్గరే కదా అని తోలుకొచ్చినాడు. ఇంజను వేడెక్కేకొద్దీ నూనె పలచబడుతుంది, ఈ శబ్దం పెరుగుతుంది. మీది వేడెక్కేకొద్దీ తగ్గుతోంది. రెండింటికీ ఎక్కడ పొత్తు?" అన్నారు. ఆ బండి యజమాని గోడకు ఆనుకొని నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. క్రాంకు కూడా గీరుకొనిపోయినది కనుక అతనికి ఖర్చు తప్పదు. మా ఇంటికి రాబోయిన కష్టము అతని ఇంటికి నిజముగానే వచ్చినది.

తరువాత మా బండి వంతు. అప్పటికి ఇంజను చల్లబడినది. మేస్త్రిగారు ఒక మూర పొడుగు రబ్బరు గొట్టము తీసి, ఒక కొన చెవికి పెట్టుకొని, రెండవ కొనను ఇంజను చుట్టూ, తిరిగే బెల్టుకు తగలకుండా, మెల్లగా త్రిప్పసాగినారు. గట్టి లోహములోని శబ్దమునకు పొడుగు స్క్రూడ్రైవరు పిడిని చెవి దగ్గర ఆనించి వింటారు. గాలి కారే శబ్దమునకు ఈ గొట్టము మేలు. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే వైద్యుడు కాగితము చుట్టి రోగి గుండె విన్న ఉపాయమునకు ఇది దగ్గరి చుట్టమే. పొగ బయటకు పోయే మానిఫోల్డు దగ్గర, మూడవ సిలిండరు ఎదుట, ఆయన చెయ్యి ఆగినది. నన్ను పిలిచి గొట్టము నా చెవికి పెట్టినారు. టక్, టక్, టక్. ప్రతి టక్ వెనుక ఒక చిన్న బుస. దీపము పెట్టి చూస్తే అతుకు దగ్గర మసి చార. ఒక స్టడ్డు విరిగి, గాస్కెట్టు ఆ మేర వదులైనది.

"మరి షెడ్డులో బేరింగని ఎందుకన్నారు?" అని బావ అడిగినాడు. మేస్త్రిగారు ఎవరినీ నిందించలేదు. "శబ్దం విన్నారు, సమయం వినలేదు" అన్నారు. ఆపై ఇట్లా వివరించినారు. ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క సిలిండరులో ఒకసారి మంట పుడుతుంది, ఒకసారి పొగ బయటకు పోతుంది. టాపెట్టు కూడా రెండు చుట్లకొకసారే కొడుతుంది. కనుక మానిఫోల్డు కారే టకటకకూ, టాపెట్టు టకటకకూ తాళము ఒక్కటే. తాళమునుబట్టి వాటిని విడదీయలేము. చలిలో ఇనుము ముడుచుకొని సందు తెరుచుకొంటుంది, వేడిలో సాగి మూసుకొంటుంది. బరువు లాగేటప్పుడు పొగ ఒత్తిడి పెరిగి మళ్లీ సందులోనుంచి తన్నుతుంది. టాపెట్టుకు బరువుతో అంత పట్టింపు లేదు. పిస్టను వదులైతే అదికూడా చలిలో కొట్టి వేడిలో తగ్గుతుంది గాని, దానికి ఈ బుస, మసి ఉండవు. "మీ పుస్తకం చదివినప్పుడే నాకు సగం తెలిసింది" అన్నారు.

మరొక హెచ్చరిక కూడా చేసినారు. వెనుకటి ఇంజన్లలో ఒక్కొక్క ఇంజెక్టరు గొట్టపు నట్టు వదులుచేసి, ఏ సిలిండరు ఆగితే శబ్దము తగ్గుతున్నదో చూచేవారు. నేటి కామన్ రైలు ఇంజన్లలో ఆ పని ప్రాణము మీదికి తెస్తుంది. వాటిలో డీజిలు ఒత్తిడి వెయ్యి బార్లకు మించుతుంది. సూదివలె చిమ్మి చర్మములోనికి దిగబడుతుంది. అటువంటి బండ్లకు సిలిండరు ఆపి చూడవలసినది కంప్యూటరు పెట్టెతోనే.

విరిగిన స్టడ్డు తీయుటకు రెండు గంటలు పట్టినది. కొత్త గాస్కెట్టు వేసి, బెల్టు బిగించి, చీకటిపడేసరికి బండిని అప్పగించినారు. అంతా కలిపి నాలుగు వేల రూపాయలలోపు అయినది. బావ అక్కడినుండే ఇంటికి ఫోను చేసి, "గాజులు లోపల పెట్టు" అని మాత్రము అన్నాడు.

బండి ఉన్న ప్రతి పాఠకునికి ఒక మనవి. శబ్దము వినగానే "ఏమి పోయినది?" అని తొందరపడవద్దు. ఒక కాగితముమీద ఇవి వ్రాయండి: చలిలోనా, వేడిలోనా? నిలిచి ఉండగానా, పరుగులోనా? బరువు లాగేటప్పుడా, దిగేటప్పుడా? క్లచ్చి తొక్కితే మారుతున్నదా? వీటిని పట్టుకొని మేస్త్రి దగ్గరకు పోండి. నూనె దీపము వెలిగితే మాత్రము కాగితము వద్దు, కలము వద్దు, దారి పక్కకు తీసి ఇంజను ఆపండి.

శబ్దమునకు సరియైన పేరు కూడా పెట్టండి. అందులో మన భాషకు లోటు లేదు. టకటక వేరు, దబదబ వేరు. కీచు బెల్టుది, గరగర బేరింగుది, బుస్సు కారే గాలిది, గలగల వదులైన రేకుది, సన్నని ఊళ టర్బోది. తరాలుగా పొరుగు భాషల నడుమ బ్రతుకుతున్న మన ఇళ్లలో ఈ మాటలు ఇంకా పిల్లల నోట ఉన్నవి. నామక్కల్లు షెడ్డులో ఆ రోజు మాకు తోడ్పడినవి అవే. మేస్త్రిగారు "బుసా? నిజంగా బుసేనా?" అని రెండుసార్లు అడిగిన తరువాతనే గొట్టము చేతికి తీసుకొన్నారు.